నీ చేతులు పడిపోను

మార్తా ఆ ఉద్యోగంలో చేరి నాలుగేళ్ళయింది. కోలారు గనుల దగ్గరి చాంపియన్ రీఫ్స్‌లో ఎవరైనా "ఏం పనమ్మా నీది" అని అడిగితే "కంప్యూటర్ పని" అని మాత్రం చెప్పేది. అంతకు మించి చెప్పకూడదని చేరిన రోజే సంతకం పెట్టించుకున్నారు. పొద్దున్నే మారికుప్పం నుంచి వచ్చే రైలెక్కి వైట్‌ఫీల్డులో దిగడం, ఆరో అంతస్తులో ఫోను లాకర్లో పెట్టి లోపలికి పోవడం, సాయంత్రం మళ్ళీ రైల్లో నిలబడి రావడం. మధ్యలో తొమ్మిది గంటలు జనం పెట్టిన వీడియోలు చూడడం. తెలుగువీ, కన్నడవీ. ఎవరో ఒకరు తప్పని ఫిర్యాదు చేసిన ప్రతిదాన్నీ చూసి, ఉంచాలో తీసెయ్యాలో తేల్చడం. అదే ఆమె పని.

మొదటి ఏడాది ఆమెకు పీడకలలొచ్చేవి. పెట్టుకుపోయిన అన్నం తినకుండానే తిరిగి తెచ్చేది. రెండో ఏడాదికి అవి పోయాయి. వాటితో పాటు ఇంకేవో కూడా పోయాయి గానీ, అవేమిటని ఆమె వెతుక్కోలేదు. నాన్న ఆంథోనీ పోయిన రోజు పెట్టెకు మూత వేస్తుంటే అమ్మా, మేనత్తలూ పడి పడి ఏడ్చారు. మార్తా గోడకానుకుని, పాస్టరుగారి వెనక ఫ్యాను గాలికి ఊగుతున్న క్యాలెండరు చూస్తూ నిలబడిపోయింది. "ఎంత ధైర్యమప్పా ఆ పిల్లకు" అన్నారు చూసినవాళ్ళు. అది ధైర్యం కాదని ఆమెకు తెలుసు. ఏమిటన్నది మాత్రం తెలియలేదు.

ఈ మధ్య ఆఫీసులో ఒక కొత్త రూలు వచ్చింది. సర్కారు వైపు నుంచి ఫలానా వీడియో తీసెయ్యమని రాతలో వస్తే మూడు గంటల్లోపల తీసెయ్యాలి. తీయకపోతే వీడియోలోని మాటకు పెట్టినవాళ్ళతో పాటు కంపెనీ కూడా జవాబు చెప్పాలి. అంతకు ముందు ఒక రోజున్నర గడువుండేది. ఆ గడువులో ఒకరికి ఇద్దరు చూసేవాళ్ళు, లీగల్ వాళ్ళను అడిగేవాళ్ళు, అనుమానముంటే తిప్పి పంపేవాళ్ళు. ఇప్పుడు అట్లాంటివి తెర మీద నారింజ రంగు గీతతో వస్తాయి. పక్కన గడియారం వెనక్కి నడుస్తూ ఉంటుంది.

ఒక మంగళవారం అన్నం వేళకు ముందు మార్తా తెర మీదికి అట్లాంటిదొకటి వచ్చింది. ఏయే బల్లల మీద ఆగి వచ్చిందో ఏమో, ఆమె దగ్గరికి చేరేసరికి గడియారంలో పంతొమ్మిది నిమిషాలున్నాయి.

శవం ముందు ఆడవాళ్ళు కూర్చుని ఏడుస్తున్న వీడియో అది. రేకుల కప్పులూ, గుమ్మం పక్కన నీలం నీళ్ళ డ్రమ్ములూ చూసి కోరమండల్‌లో గని కూలీల ఇళ్ళ లైన్లని మార్తా పోల్చుకుంది. అద్దాల పెట్టెలో ముప్పై దాటిన మనిషి. తలవైపు కూర్చున్న ఒకామె, యాభై పైన ఉంటుంది, పెట్టె మీద అరచేత్తో చరుస్తూ రాగం తీసి ఏడుస్తోంది.

"తాడు లేకుండా దించినోడా, నీ నోట మట్టి పడ
ముక్కుకు గుడ్డ ఈకుండా దించినోడా, నీ చేతులు పడిపోను
నా తమ్ముణ్ణి గుంతలో దించినోడా, నీ ఇంట్లో దీపం ఆరిపోను"

మధ్యలో ఒక కాంట్రాక్టరు పేరు చెప్పింది. రెండోసారి చెప్పింది. ఫిర్యాదు ఆ పేరు గల మనిషిది. తన ప్రాణానికి ముప్పుందని ఆయన సర్కారు ఆఫీసులో ఎవరికో అర్జీ పెట్టుకుంటే, వాళ్ళు ముద్ర వేసి కంపెనీకి పంపారు. దానితో పాటు ఒక ఇంగ్లీషు అనువాదం జతచేశారు. 'నీ చేతులు పడిపోను' అన్నచోట అందులో 'మేము నీ చేతులు నరికేస్తాం' అని ఉంది. కంపెనీ యంత్రం దానంతట అది చేసిన అనువాదం ఇంకో గడిలో ఉంది. అది 'చేతులు, నేను కిందపడను' అని రాసింది.

మార్తా రెండింటినీ చదివింది. తర్వాత చెయ్యెత్తి టీము లీడరును పిలిచింది. ఆయన పేరు సెల్విన్. రాబర్ట్‌సన్‌పేట మనిషి. ఇంట్లో తమిళమైనా వీధిలో తెలుగు మాట్లాడుతూ పెరిగినవాడు.

"సెల్విన్, ఇది బెదిరింపు కాదు. ఒప్పారి, చావింట్లో పెట్టే శోకం."

అతను హెడ్‌ఫోను ఒక చెవికి ఆనించుకుని అర నిమిషం విన్నాడు. "నాకు తెలీదా? మా పాటి, అదే మా అవ్వ, పోయినప్పుడు మా అత్తలు దేవుణ్ణే ఇంతకన్నా ఎక్కువ తిట్టినారు."

"ఉంచేద్దాం అయితే."

"ఉంచాలంటే రెండో మనిషి కూడా ఒప్పుకోవల్ల. తెలుగుకు ఇప్పుడు ఎవరుండారు?"

"ప్రిన్సీ. బ్రేకుకు పోయింది."

"ఆమె వచ్చేలోగా టైము అయిపోతాది."

"లీగల్ వాళ్ళకు రాస్తే?"

"రాయి. రేపు సాయంత్రానికి జవాబిస్తారు." సెల్విన్ హెడ్‌ఫోను బల్ల మీద పెట్టాడు. గొంతు తగ్గించి, "చూడు మార్తా. ఉంచి తప్పయితే కంపెనీ మీద కేసు. నీ పేరడుగుతారు, నా పేరడుగుతారు. తీసి తప్పయితే ఎవరడుగుతారు చెప్పు? ఆయమ్మ అడుగుతాదా?" అన్నాడు.

మార్తా గడియారం చూసింది. పన్నెండు నిమిషాలు. తీసేయడానికి కారణం ఎంచుకోమని ఒక వరస కనబడింది. 'హింసకు ప్రేరేపణ' అన్నదాని మీద నొక్కింది. వీడియో మొత్తం పదకొండు నిమిషాలు. ఆమె చూసింది రెండు నిమిషాల నలభై సెకన్లు. తర్వాత క్యాంటీనుకు పోయి చిత్రాన్నం తిన్నది. అందులో ఉప్పు తక్కువైంది. ఉప్పు వేసుకుని మొత్తం తిన్నది.

*

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి మార్తా వెల్లుల్లి వొలుస్తుంటే నాగరత్న వచ్చింది. బళ్ళో మార్తాకన్నా మూడేళ్ళు చిన్న. ఇద్దరూ ఒకే త్రోబాల్ జట్టు. ఇప్పుడు కోలారు దగ్గరి నరసాపురంలో ఫ్యాక్టరీకి పోతోంది. చాలా కాలం తర్వాత వచ్చింది కదా అని మార్తా స్టూలు జరిపింది. నాగరత్న కూర్చోలేదు.

"అక్కా, మా మునేష్ మామ పోయినాడు, తెలుసా?"

"ఎట్ల?"

"బంగారుపేట రోడ్డులో ఎవరిదో కొత్త బిల్డింగంట. సెప్టిక్ గుంతలో దించినారు. లోపల గాలి లేదు, కళ్ళు తిరిగి పడిపోయినాడు. పైకి తీసేసరికి ఏమీ లేదు. మనుషుల్ని దించగూడదని చట్టముండాది గదా. అందుకని కాంట్రాక్టరు ఇప్పుడు, నేను దించనే లేదు, తాగి ఆ దోవన పోతా జారి పడినాడు అంటాడు. మామ తాగడక్కా. చర్చి పక్క టీ అంగడిలో అడుగు ఎవరినన్నా."

మార్తా చేతిలోని వెల్లుల్లిపాయ పళ్ళెంలో పెట్టింది. ఏ ఇల్లో, ఏ పెట్టెలోని మనిషో, పెట్టె మీద చరిచిన ఆమె ఎవరో అప్పుడు అర్థమైంది. నాగరత్న తల్లి చిన్నవెంకటమ్మను ఆమె ఏనాడో బడి గేటు దగ్గర చూసింది. వీడియోలో గుర్తుపట్టలేదు.

"మా యమ్మ శోకం పెడతా ఉంటే లైవ్ పెట్టినాను. కుప్పం కాడ మా పెద్దవ్వ మంచంలో ఉండాది, రాలేదు. ఆమె చూస్తాదని పెట్టినా. అది ఊరంతా పాకింది. ఎనిమిది వేల మంది చూసినారు. వకీలప్ప చూసి, ఇందులో సాక్ష్యముండాది, బుధవారం ఫోను తీసుకుని రా అన్నాడు. మంగళవారమే పీకేసినారు. లైవ్ గదా, నా ఫోన్లో యాడా లేదు." ఫోను తీసి చూపించింది. మీ వీడియో హింసను ప్రేరేపిస్తున్నందున తొలగించాం అని ఉంది తెర మీద. "నీకు కంప్యూటర్ తెలుసు గదా. దీనికి ఏమన్నా రాయొచ్చేమో చూడక్కా. నువ్వు చూసినావా ఆ వీడియో?"

"లేదు, చూడలేదు" అంది మార్తా.

అబద్ధం చెప్తున్నప్పుడు కనీసం గుండె దడదడలాడాలి అనుకుంది. ఏమీ కాలేదు. నాగరత్న చేతిలోని ఫోను తీసుకుని మార్తా అక్కడే అప్పీలు రాసింది. ఏ మాటలు రాస్తే అవతల కూర్చున్నవాళ్ళు ఆగి చదువుతారో ఆమెకు బాగా తెలుసు. సంస్కృతి అని రాసింది, సంతాప సంప్రదాయం అని రాసింది, ప్రజా ప్రయోజనం అని రాసింది. నాగరత్న పక్కన నిలబడి ఆ ఇంగ్లీషు చూస్తూ, "నువ్వు రాస్తే ఎంత నీటుగా ఉండాదక్కా" అంది.

సోమవారం సాయంత్రం లాకర్లోంచి ఫోను తీస్తే నాగరత్న సందేశం ఉంది. పొద్దున అప్పీలు పంపిన ఆరు నిమిషాలకే జవాబొచ్చిందట. మళ్ళీ పరిశీలించాం, మా నిర్ణయం మారదు అని. ఆరు నిమిషాల్లో పదకొండు నిమిషాల వీడియో ఎవరు చూసి ఉంటారని మార్తా ఆలోచించలేదు. ఎవరూ చూడరని ఆమెకు తెలుసు.

*

తర్వాతి ఆదివారం కోరమండల్ పోయింది. ఎందుకు పోతోందో తనకే సరిగా తెలియదు. అప్పీలు సంగతి చెప్పాలన్నది ఒక సాకు.

చిన్నవెంకటమ్మ గుమ్మం ముందు కూర్చుని చింతపండు కొడుతోంది. చిన్న సుత్తితో కొట్టి, గింజ ఒకవైపు, పండు ఒకవైపు. మార్తాను చూసి పక్కనున్న గోనెపట్టా జరిపి కూర్చోమంది. నాగరత్న లోపల్నించి నీళ్ళు తెచ్చిచ్చి గడప మీద కూర్చుంది. రెండు ఇళ్ళ అవతల ఎవరో రేడియో పెట్టారు.

"యా మాటమ్మా తప్పు?" అంది చిన్నవెంకటమ్మ. "నేనేదో బెదిరించినానని రాసినారంట. యా మాటో తెలిస్తే ఆ మాట తీసేసుకోమను. మిగతాది మాకిచ్చెయ్యమను."

మార్తా తల వంచుకుని చెప్పింది. "'నీ నోట మట్టి పడ' అన్నారు గదా పెద్దమ్మా. ఇంగ 'నీ చేతులు పడిపోను' అన్నారు, 'నీ ఇంట్లో దీపం ఆరిపోను' అన్నారు. ఆ మూడు."

సుత్తి ఆగింది. నాగరత్న తలెత్తింది.

"అక్కా, నువ్వు చూడలేదంటివే."

"చూసినాను. నాకు ఆఫీసులో అదే పని. తీసేసింది నేనే" అంది మార్తా.

నాగరత్న లేచింది. లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. చిన్నవెంకటమ్మ కదల్లేదు. చేతిలోని చింతకాయను అటూ ఇటూ తిప్పి చూసి కింద పెట్టింది. తిడుతుందేమోనని మార్తా ఎదురుచూసింది. తిడితే బాగుండుననుకుంది. తిడితే ఏమన్నా తగులుతుందేమో.

"అంతా విన్నావా?" అంది చివరికి చిన్నవెంకటమ్మ.

"లేదు పెద్దమ్మా. రెండు నిముషాల పైన కొంచెం."

"మరి నేను పొద్దన్నించి ఏడిస్తి గదా."

"మాకు అంత టైము ఈరు."

"అట్లయితే రాయ్ మాట వినలేదు నువ్వు."

"ఏ రాయ్?"

రాయ్ ఆ కాంట్రాక్టరు దగ్గర మేస్త్రీ. మునేష్‌ను బండి మీద పిలుచుకుపోయింది అతనే. సాగనంపే వేళకు అతను వచ్చి కాళ్ళ దగ్గర నిలబడ్డాడు. శోకం పెడుతున్న చిన్నవెంకటమ్మ రాగంలోనే, తాడేదిరా రాయ్, నా తమ్ముడి నడుముకు కట్టిన తాడేదిరా అని అడిగింది. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోసారికి అతను ముఖం కప్పుకుని ఏడుస్తూ, తాడు తెస్తానంటే కాంట్రాక్టరు వద్దన్నాడమ్మా, పది నిముషాల పనికి తాడెందుకు, దించు అన్నాడు అని కాంట్రాక్టరు పేరు పెట్టి చెప్పాడు. అందరూ విన్నారు. లైవ్‌లో ఎనిమిది వేల మంది విన్నారు. మరుసటి రోజు పోలీసుల ముందు అతను, నేను ఆ రోజు అక్కడ లేనే లేనన్నాడు. విన్నవాళ్ళలో సాక్ష్యానికి వస్తామన్నవాళ్ళు ఇద్దరే మిగిలారు. ఇద్దరూ ఇంటివాళ్ళే. అతను చెప్పిన మాటకు ఆ వీడియో తప్ప ఇంకో ఆనవాలు లేదు.

"తొమ్మిదో నిముషంలో వస్తాదంట ఆ మాట. వకీలప్ప చెప్పినాడు" అంది చిన్నవెంకటమ్మ.

ఆమె మళ్ళీ సుత్తి అందుకుని ఒక కాయ కొట్టింది.

"యూనియన్ వాళ్ళు మళ్ళా పాడమన్నారమ్మా. పోయిన శుక్రవారం. కెమెరా పెట్టినారు, లైటు పెట్టినారు. అదే మాటలు మళ్ళా చెప్పక్కా, మేము ఊరూరా చూపిస్తాం అన్నారు. కూచున్నా. నోరు తెరిస్తే గాలి వచ్చింది. మాటలు గుర్తుండాయి. ఏడుపు రాలేదు. నా తమ్ముణ్ణి నేను ఎత్తుకుని పెంచినాను. వాని పేరు చెప్పుకున్నా రాలేదు. ఏమో, మొద్దుబారిపోయినట్ల ఉండాది. నీకు తెలీదులే."

"తెలుసు పెద్దమ్మా" అంది మార్తా.

చిన్నవెంకటమ్మ ఆమె ముఖం వైపు చాలాసేపు చూసింది. తర్వాత ఇంకో సుత్తి ఆమె ముందుకు తోసింది. మార్తా కూడా కాసేపు చింతపండు కొట్టింది. లేచి వచ్చేటప్పుడు లోపలి తలుపు వేసే ఉంది.

*

సోమవారం ఆఫీసులో సెల్విన్‌కు చెప్పింది. వీడియో ఇంకా కంపెనీ దగ్గర ఉంటుంది కదా, తీసేసినవి కొన్ని నెలలు దాచి పెడతారు కదా, మళ్ళీ చూడమని అడుగుదామంది.

"అడిగితే నీకెందుకు అంటారు. మా ఊరోళ్ళు అంటావు. అనంగానే ఆ ఫైలు నీ కంటికి కనబడకుండా చేస్తారు. అంతకన్నా ఇంకేమీ కాదు."

"తొమ్మిదో నిముషంలో సాక్ష్యముండాది సెల్విన్."

"ఉండనీ. మనం తొమ్మిదో నిముషం చూసేవాళ్ళం కాదు." అతను కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "కోపం తెచ్చుకోవద్దు. నేను ఈ రూలు రాసినానా? రాసినోళ్ళు చెడ్డోళ్ళు కాదు. ఆడపిల్లల ఫోటోలు మార్చి పెడతారు, అవి బిరీన తీయాలనే గదా ఇంత తొందర. వాటికి మూడు గంటలు కూడా ఎక్కువే. కానీ ఆ గేటులోనే అందరూ దూరతారు. కాంట్రాక్టరు కూడా దూరతాడు. గేటు కాడ ఎవరు ఎందుకొచ్చినారో చూసేదానికి మనకు టైము లేదు. ఎవరూ ఈలేదు."

అతను చెప్పింది నిజమే. అందులో తప్పేమీ మార్తాకు కనబడలేదు. ఆ సాయంత్రం రైల్లో కిటికీ పక్క చోటు దొరికింది. పాత నోటుబుక్కు ఒకటి తీసి రాయడం మొదలుపెట్టింది. కంపెనీ కాదన్న అప్పీలును ముప్పై రోజుల్లోపల బయటి అప్పీలు కమిటీకి పెట్టుకోవచ్చు. అట్లాంటిదొకటి ఉందని పెట్టినవాళ్ళలో నూటికి తొంభై మందికి తెలియదు. మార్తాకు తెలుసు.

నాలుగు రోజులు రాసింది, వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ. మొదట తెలుగులో రాసి, తర్వాత ఇంగ్లీషులో. తెలుగులో రాసింది ఇట్లా ఉంది:

"'పడిపోను' అంటే 'నేను కిందపడను' కాదు. 'మేము నరికేస్తాం' కూడా కాదు. ఈ మాటలో చేసేవాళ్ళెవరూ లేరు. చేతులు వాటంతట అవే పడిపోవాలని అడగడమే ఉంది. అడిగే మనిషికి తన చేతుల్తో చెయ్యగలిగింది ఏమీ లేనప్పుడు మా కోలారు వైపు ఈ మాట వస్తుంది. పాలు పొంగిపోయినా, బస్సు ఆపకుండా పోయినా, కొళాయిలో నీళ్ళు రాకపోయినా మా ఇళ్ళల్లో ఇదే మాట అంటాం. శవం ముందు కూర్చున్న ఆడవాళ్ళు దేవుణ్ణీ డాక్టర్నీ చచ్చిపోయినవాణ్ణీ కూడా ఇదే మాటతో తిడతారు. దీనికి భయపడి ఎవరన్నా ఫిర్యాదు చేసినట్టు నేను ఇంతకు ముందు వినలేదు. ఈ వీడియోను తీసేసింది నేను. పదకొండు నిమిషాల్లో రెండు నిమిషాల నలభై సెకన్లు చూసి తీసేశాను. బెదిరింపు కాదని ఆ రోజే నాకు తెలుసు. ఉంచడానికి ఇద్దరు కావాలి, తీయడానికి ఒకరు చాలు. అందుకే తీసేశాను."

కింద పేరు రాసి సంతకం పెట్టింది. పనిచేసే చోటు రాసింది. శనివారం నాగరత్నను టీ అంగడి దగ్గరికి రమ్మంది. నాగరత్న వచ్చింది గానీ ముఖం చూడలేదు. కాగితాలు మొత్తం చదివి, కడపటి పేజీ మీద ఆగి, "ఇది పెడితే నీ పని పోతాది గదా" అంది.

"పోతాది."

"మరి?"

"పెట్టు."

నాగరత్న పెట్టింది. ఫోనులో కాగితాల ఫోటోలు తీసి, ఒక్కొక్కటే ఎక్కించి, అన్నీ పోయాయని చూసుకుని, టీ తాగకుండానే పోయింది.

మూడు వారాల తర్వాత ఒక గురువారం మార్తా కార్డు ఆరో అంతస్తు తలుపు తెరవలేదు. రిసెప్షనులో కూర్చోబెట్టారు. ఎవరో కొత్త మేడం వచ్చి ఆ నాలుగు పేజీల నకలు చూపించి, ఇది మీ సంతకమేనా అని అడిగింది. అవునంది మార్తా. ఎవరన్నా బలవంతం చేశారా అని అడిగింది. లేదంది. ఇంకేమన్నా చెప్పుకోవాలా అంటే, నా అన్నం డబ్బా లోపల ఉండిపోయింది, తెప్పించండి అంది. సెల్విన్ ఆ డబ్బా తెచ్చి చేతికిచ్చి, లిఫ్టు దాకా వచ్చాడు. "బుద్ధిలేని పని చేసినావు" అన్నాడు. లిఫ్టు వచ్చింది. "ఆ వీడియో నేను కూడా అంతా చూసుండవల్ల" అన్నాడు. తలుపులు మూసుకున్నాయి.

*

కమిటీ జవాబు రావడానికి నాలుగు నెలలు పట్టింది. ఒకటిన్నర పేజీ. తీసేసింది తప్పని, ఆ మాటలు బెదిరింపు కిందికి రావని, వీడియో తిరిగి పెట్టాలని అందులో ఉంది. రెండో రోజుకే కంపెనీ పెట్టింది కూడా. నాగరత్న ఫోను చేసి, "వచ్చిందక్కా, రా" అంది. ఆమె మార్తాతో మాట్లాడడం ఆ నాలుగు నెలల్లో అదే మొదటిసారి.

అదే గోనెపట్టా మీద ముగ్గురూ కూర్చుని చూశారు. చిన్నవెంకటమ్మ ఫోనును మోకాళ్ళ మీద పెట్టుకుంది. మొదటి శాపం వచ్చింది, రెండోది వచ్చింది. కాంట్రాక్టరు పేరు దగ్గరికి రాగానే శబ్దం ఆగిపోయింది. పెదవులు కదులుతున్నాయి, మాట లేదు. కొంచెం సేపటికి మళ్ళీ వచ్చింది. ఫిర్యాదు చేసిన మనిషి పేరు బయటపడకూడదని కంపెనీ ఆ పేరు వచ్చిన ప్రతిచోటా శబ్దం తీసేసింది. అట్లా తీసేయడం యంత్రం పని. పేరుకు ముందు కొంత, వెనక కొంత కలిపి కోసేస్తుంది. మార్తా ఆ మాట చెప్పలేదు. తొమ్మిదో నిమిషం కోసం చూస్తూ ఉంది.

తొమ్మిదో నిమిషంలో రాయ్ కనబడ్డాడు. ముఖం కప్పుకున్నాడు. తాడు అన్నాడు. అంతే వినబడింది. ఆ తర్వాత పదకొండు సెకన్లు నిశ్శబ్దం. మళ్ళీ శబ్దం వచ్చేసరికి అతను ఏడుస్తున్నాడు, ఎవరో అతని భుజం పట్టుకుని పక్కకు తీసుకుపోతున్నారు.

"మాట యాడ పోయింది?" అంది చిన్నవెంకటమ్మ.

నాగరత్న వెనక్కి జరిపి మళ్ళీ పెట్టింది. మళ్ళీ తాడు, మళ్ళీ నిశ్శబ్దం. మూడోసారి పెట్టబోతే తల్లి చెయ్యి పట్టుకుని ఆపింది. వీడియో కింద ఎన్ని కళ్ళు చూశాయో చూపించే అంకె ఉంది. పెట్టి రెండు రోజులైంది. నూట పన్నెండు మంది చూశారు.

వకీలు మాత్రం ఇది చాలన్నాడు. రాయ్ అక్కడికి వచ్చాడని, తాడు అన్నాడని తెలుస్తోంది గదా, అక్కడ లేనే లేనన్న మాట అబద్ధమని తేలుతుంది, కోసేయని వీడియోను కంపెనీ నుంచి తెప్పించమని అడుగుదాం అన్నాడు. మార్తా సాక్ష్యం కూడా అందులో చేర్చాడు. కోలారులో కార్మిక శాఖ ఆఫీసులో విచారణకు తేదీ పడింది. అప్పటికి మార్తా రాబర్ట్‌సన్‌పేటలో ఒక ప్రింటింగ్ అంగడిలో కుదురుకుంది. పెళ్ళి పత్రికలు, గృహప్రవేశం పత్రికలు, అప్పుడప్పుడు కర్మాంతరం కార్డులు టైపు చేస్తుంది. కార్డుల్లో అక్షర దోషాలు ఆమెకు వెంటనే కనబడతాయని అంగడాయనకు సంతోషం.

ఆ రోజు ముగ్గురూ బస్సులో కోలారు పోయారు. వరండాలో బెంచీ మీద పదకొండు నుంచి రెండున్నర దాకా కూర్చున్నారు. కాంట్రాక్టరు రాలేదు, ఆయన వకీలు వచ్చాడు. రాయ్ రాలేదు. లోపలికి పిలిచాక అధికారి కాగితాలు తిరగేసి, కంపెనీకి లేఖ రాయించాం, జవాబు రాలేదు అన్నాడు. ఆయన దురుసుగా ఏమీ మాట్లాడలేదు. మార్తా వైపు చూసి, "మీరేనా ఆ వివరణ రాసింది?" అని అడిగాడు. అవునంది. "మా అవ్వది శ్రీనివాసపురం. ఆమె కూడా ఇట్లే తిట్టేది" అన్నాడు. అని, వచ్చే నెల పద్దెనిమిదికి వాయిదా వేశాడు.

బయటికి వచ్చి బస్టాండు దగ్గర హోటల్లో మూడు ఇడ్లీ ప్లేట్లు చెప్పారు. నాగరత్న తన ప్లేట్లోంచి ఒక ఇడ్లీ తీసి, అడగకుండానే మార్తా ప్లేట్లో వేసింది. చిన్నవెంకటమ్మ చట్నీ నాకి చూసి, "కారం లేదు" అంది. మార్తా కూడా తిని చూసింది. కారం లేదు.

బంగారుపేట బస్సు నిండుగా వచ్చింది. ముందు సీట్లో ఒకామె ఒళ్ళో బిడ్డను సర్దుకుని చిన్నవెంకటమ్మకు కొంచెం చోటిచ్చింది. నాగరత్నా మార్తా వెనక కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. టేకల్ రోడ్డు దాటాక నాగరత్న, "పద్దెనిమిదో తేదీ నాకు షిఫ్టు ఉండాదక్కా. నువ్వు అమ్మను పిలుచుకుని పోతావా?" అంది.

"పోతాలే" అంది మార్తా. అని, మరిచిపోకుండా ఫోనులో రాసుకుంది.